గట్టు మీది టేకు, తోపు నడిమి టేకు

ఒకే ఏడాది ఒకే నర్సరీ నుంచి తెచ్చిన టేకు మొక్కలను ఒక రైతు రెండు రకాలుగా నాటాడనుకోండి. కొన్నింటిని పొలం గట్టు మీద దూరదూరంగా పెట్టాడు. మిగిలినవాటిని పక్క చెలకలో రెండేసి మీటర్ల ఎడంతో తోపుగా వేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే గట్టు మీది చెట్టు బలిసిన మానుతో, తలెత్తుకు కాస్త పైనుంచే అటూ ఇటూ చాచిన కొమ్మలతో, పొట్టిగా కనిపిస్తుంది. తోపు నడుమ చెట్టు గెడలా నిటారుగా లేచి, కొసన ఇంత ఆకుల గుబురు పట్టుకుని ఉంటుంది. తెలుగునాట ఏ ఊరి పొలిమేరలోనైనా కనబడే దృశ్యమే ఇది.

విత్తనం ఒకటే, నేల ఒకటే, వానలు అవే, వయసూ అదే. మరి మాను లావు, చెట్టు ఎత్తు, కొమ్మల గొడుగు వెడల్పు, ఈ మూడూ ఒక్కో చెట్టులో ఒక్కో రకంగా ఎలా కుదిరాయి? వాటి మధ్య లెక్క ఏదైనా ఉందా? ఉంటే ఆ లెక్క రాసింది ఎవరు? బరువా, గాలా, నీళ్లా, వెలుతురా? అయిదు వందల ఏళ్లుగా చిత్రకారులు, గణితవేత్తలు, అటవీ అధికారులు, ఇంజినీర్లు ఒకరి తర్వాత ఒకరు ఈ ముడి మీద చెయ్యి వేశారు. ఆధారాలు ఒక్కొక్కటే ఎలా దొరికాయో చూస్తుంటే నాకు ప్రతిసారీ ఉత్సాహం పుట్టుకొస్తుంది.

ముందు కొలతల సంగతి. మన అటవీ శాఖ మాను చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర తీస్తుంది. మనిషి ఛాతీ ఎత్తు అది. మొదట్లో మాను వేళ్ల వైపు ఉబ్బి ఉంటుంది కాబట్టి అక్కడ కొలిస్తే లెక్క తప్పుతుంది. వంగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు, టేపు చుడితే చాలు. ఎత్తు కొలవడానికి చేతికర్ర ఉన్నా సరిపోతుంది. కంటి నుంచి గుప్పిటి దాకా ఎంత దూరమో గుప్పిటి పైన కర్ర అంతే పొడవు ఉండేలా నిలువుగా పట్టుకుని, ఆ పైభాగం చెట్టును మొదలు నుంచి కొస దాకా సరిగ్గా కప్పేసేవరకు వెనక్కి నడవాలి. అప్పుడు మీకూ చెట్టుకూ మధ్య దూరం ఎంతో చెట్టు ఎత్తు దాదాపు అంతే. గొడుగు వెడల్పు ఇంకా తేలిక. కొమ్మల చివర్ల కింద నాలుగు దిక్కులా నాలుగు రాళ్లు పెట్టి, ఎదురెదురు రాళ్ల మధ్య దూరాలు కొలిచి సగటు తీయడమే.

మూడూ తేలికే అయినా, చరిత్రలో కొలతలు పోగుపడింది మాత్రం చుట్టుకొలతవే. 1856లో బర్మా టేకు అడవుల బాధ్యత తీసుకున్న డీట్రిక్ బ్రాండిస్ ఏనుగు మీద వెళుతూ, లావును బట్టి చెట్లను నాలుగు తరగతులు చేసి, ఒక్కో తరగతికి ఒక్కో వెదురు ముక్క పట్టుకుని, చెట్టు కనబడినప్పుడల్లా దాని తరగతి ముక్క మీద కత్తితో గాటు పెట్టేవాడు. కలప వ్యాపారానికి కావలసిందీ లావే. దుంగ చుట్టుకొలతను నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేసే పాత లెక్క ఒకటుంది. 1736 నాటి ఎడ్వర్డ్ హాపస్ పట్టికల పేరు మీద అది ప్రసిద్ధమైంది. గుండ్రటి దుంగలో ఉన్న అసలు కలపలో నూటికి 78న్నర పాళ్లే ఆ లెక్కలో తేలుతుంది. మిగిలింది చెక్కేటప్పుడు పోయే తరుగు కింద సరిపెట్టుకునేవారు. ఎత్తునూ గొడుగునూ చాలాకాలం అంతగా పట్టించుకోలేదు. ముడి ఇన్నాళ్లు విడకపోవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం. మూడు పోగుల ముడిలో ఒక్క పోగునే లాగుతూ కూర్చున్నారు.

తొలి ఆధారం ఒక చిత్రకారుడి నోటు పుస్తకంలో దొరికింది. చెట్లను గీస్తూ గీస్తూ లియొనార్డో డావిన్చీ ఒక సంగతి గమనించాడు. ఏ ఎత్తున చూసినా అక్కడి కొమ్మలన్నీ ఒక్కచోట చేర్చి కడితే, ఆ కట్ట కింది మాను అంత లావు ఉంటుంది. మాను అడ్డుకోత వైశాల్యం రెండు కొమ్మలకు పంపకమవుతుంది, ఆ కొమ్మలది రెమ్మలకు పంపకమవుతుంది, మొత్తం మాత్రం దాదాపు చెదరదు. పెరట్లో వేపచెట్టు పంగ దగ్గర టేపుతో మీరే చూసుకోవచ్చు. రెండు కొమ్మల చుట్టుకొలతలను వేర్వేరుగా వర్గం చేసి కలిపితే మాను చుట్టుకొలత వర్గానికి దగ్గరగా వస్తుంది. అచ్చుగుద్దినట్టు రాదు, కానీ దగ్గరగా వస్తుంది. లియొనార్డో చెప్పింది లావుకూ కొమ్మలకూ ఉన్న సంబంధం. ఎందుకన్నది మిగిలిపోయింది. ఎత్తు ప్రసక్తి అందులో లేనే లేదు.

ఎత్తు గురించి మొదట గట్టిగా ఆలోచించింది గెలీలియో. 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో, రెండు వందల మూరల ఓక్ చెట్టు ఉంటే అది తన కొమ్మలను తానే మోయలేదని వాదించాడు. ఆకారం మార్చకుండా అన్ని వైపులా రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది, మోసే అడ్డుకోత నాలుగు రెట్లే అవుతుంది. అంటే పెద్ద చెట్టు చిన్న చెట్టుకు పెద్దచేసిన బొమ్మ కాలేదు. ఎత్తు పెరిగేకొద్దీ లావు అంతకంటే వేగంగా పెరగాలి. అనుమానం బరువు మీదికి మళ్లింది.

దానికి లెక్క కట్టింది ఆల్ఫ్రెడ్ గ్రీన్‌హిల్ అనే ఇంగ్లిష్ గణితవేత్త, 1881లో. ఆయన ప్రశ్న ఎంత సూటిదో చూడండి: నిలబెట్టిన స్తంభం ఏ ఎత్తు దాటితే తన బరువుకు తానే వంగిపోతుంది? కాగితం నుంచి వేలెడు వెడల్పు పట్టీ కత్తిరించి నిలువుగా పట్టుకోండి. పొట్టిగా ఉన్నంతసేపు నిలబడుతుంది. కాస్త కాస్త పైకి జరుపుతూ పోతే ఒక పొడవు దగ్గర ఉన్నట్టుండి తల వాల్చేస్తుంది. ఎవరూ నెట్టలేదు, గాలీ తగల్లేదు, దాని బరువే దాన్ని వంచింది. చెట్టుకూ అలాంటి గీత ఒకటుందని గ్రీన్‌హిల్ చూపాడు. మాను వ్యాసం ఎనిమిది రెట్లయితే ఆ గీత నాలుగు రెట్లే పైకి జరుగుతుంది. వ్యాసాన్ని వర్గం చేసి ఘనమూలం తీస్తే వచ్చే లెక్క అది.

అడవిలోని చెట్లు నిజంగా ఈ లెక్క పాటిస్తున్నాయా? 1973లో హార్వర్డ్‌కు చెందిన థామస్ మెక్‌మాన్ చూశాడు. అమెరికాలో ప్రతి జాతికీ అతిపెద్ద చెట్టు ఏదో నమోదు చేసే జాబితా ఒకటి అప్పటికే ఉంది. అందులోంచి 576 చెట్ల కొలతలు తీసుకుని ఎత్తునూ లావునూ గ్రాఫు మీద పెట్టాడు. చుక్కలన్నీ గ్రీన్‌హిల్ గీత కిందే పడ్డాయి. పైగా ఆ గుంపు గీతకు సమాంతరంగా, దాదాపు నాలుగో వంతు ఎత్తున సాగింది. పొట్టి చెట్లలోనూ, మహావృక్షాలలోనూ అదే వంతు. ముడి విడిపోయిందనే చాలామంది అనుకున్నారు.

నాకు మాత్రం ఇక్కడే ఒక సందేహం. కూలిపోయే ఎత్తులో నాలుగో వంతు దగ్గర ఆగడమంటే చిన్న జాగ్రత్త కాదు. ఆ లెక్కలో ఎత్తు మూడుసార్లు హెచ్చవుతుంది కాబట్టి, చెట్టు తన బరువుకు వంగాలంటే దాని చెక్క ఇప్పుడున్నదానికి అరవై నాలుగు రెట్లు బరువెక్కాలి. కొమ్మల బరువు విడిగా కలిపి ఆ అంకె ఎంత తగ్గించినా, ఇంత దూరాన ఉన్న ప్రమాదానికి చెట్టు రోజూ భయపడుతూ ఒళ్లు పెంచుకుంటుందా? గాలీ వానా లేని రోజున పచ్చని చెట్టు తన బరువుకే తాను నడుం వంచి కూలడం మనలో ఎవరం చూశాం? చెట్లు కూలేది గాలికి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడ్డ మరునాడు ఆ నగర వీధులు చూసినవారికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

గాలి మీద అనుమానం కొత్తది కాదు. గ్రీన్‌హిల్ తర్వాత పన్నెండేళ్లకే, 1893లో, జర్మన్ అటవీశాస్త్రవేత్త మెట్స్‌గర్ ఆ మాట అన్నాడు. ఆయన వాదన ఇది. గాలి పట్టు దొరికేది ఆకుల గుబురు దగ్గర. అక్కడ తోస్తే మాను పొడవునా వంపు పుడుతుంది, కిందికి వచ్చేకొద్దీ ఆ వంపు బలం పెరుగుతుంది. తెడ్డు కొసన నొక్కితే పిడి దగ్గర నొప్పి పుట్టినట్టే. గుండ్రటి కర్ర వంపును తట్టుకునే శక్తి దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. అంటే గుబురు నడిమి నుంచి రెట్టింపు దూరాన ఉన్న చోట మాను రెట్టింపు లావు అక్కర్లేదు, 1.26 రెట్లు లావుంటే చాలు. కొసన సన్నం, మొదట లావు అనే ఆ తీరు స్ప్రూస్ చెట్లలో తన లెక్కకు దగ్గరగానే ఉందని ఆయన చూపాడు. మాను అడుగడుగునా ఒకే మోతాదు ఒత్తిడి పడేలా తనను తాను చెక్కుకుంటుందన్నమాట.

అయినా అది లెక్కే. గాలే లావు చేస్తోందని చెట్టుతోనే చెప్పించాలి. ఆ పని ఆస్ట్రేలియాలో జరిగింది. 1954లో జేకబ్స్ ప్రచురించిన ప్రయోగంలో రేడియేటా పైన్ చెట్లను తీగలతో కట్టి, మాను కిందిభాగం ఊగకుండా ఆపారు. పక్కన అలాంటి చెట్లనే స్వేచ్ఛగా ఊగనిచ్చారు. ఊగిన చెట్ల మాను కింద బలిసింది. కట్టేసినవాటి మాను తీగల కింద అంతగా లావెక్కలేదు. తీగలు విప్పేశాక అవి గాలికి నిలవలేకపోయాయి.

ఇంకా తేలికైన సాక్ష్యం 1973లో మార్క్ జాఫీ ఇచ్చాడు. లేత మొక్కల కాడను రోజూ కొన్ని క్షణాలు వేళ్లతో రుద్దితే చాలు, అవి పొట్టిగా, లావుగా పెరుగుతాయి. బాల్కనీలో రెండు కుండీల్లో చిక్కుడు గింజలు వేసి, ఒకదాని కాడను పొద్దునా సాయంత్రం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సున్నితంగా రాసి చూడండి. మీ వేళ్లే ఆ మొక్కకు గాలి.

లావు సంగతి ఇలా తేలుతుంటే, ఎత్తు సంగతేమిటి? గట్టు టేకు పొట్టిగా, తోపు టేకు పొడుగ్గా ఉందని మొదట్లో అన్నాను. అది కొంత మన కన్ను చేసే మోసం. కింది నుంచే కొమ్మలు విచ్చుకున్న చెట్టు పొట్టిదనిపిస్తుంది, కొమ్మల్లేని గెడ పొడుగనిపిస్తుంది. కర్రతో కొలిస్తే కంటికి తోచినంత తేడా ఉండదు. అడవి పెంచేవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతి. ఒకే వయసు తోపులో అన్నిటికంటే ఎత్తైన చెట్ల ఎత్తు నేల సారాన్ని బట్టి ఉంటుంది. మొక్కల మధ్య ఎడం కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా మారదు. అందుకే మన దేశపు టేకు దిగుబడి పట్టికలు నేల తరగతిని నిర్ణయించేది తోపులోని మేటి చెట్ల ఎత్తుతోనే. చుట్టుకొలత అక్కడ పనికిరాదు, ఎందుకంటే ఎడం మార్చగానే అది మారిపోతుంది. మొదటి కొమ్మ ఎంత ఎత్తున ఉందో, మాను ఎంత లావో చెప్పేది పక్కచెట్టు దూరం.

పక్కచెట్టు ఉనికి మొక్కకు ఎలా తెలుస్తుందో కూడా ఇప్పుడు తెలుసు. పచ్చని ఆకు ఎర్రటి వెలుగును పీల్చుకుని, మన కంటికి ఆనీ ఆననట్టుండే ముదురెరుపు వెలుగును వదిలేస్తుంది. పక్కవాడి ఆకుల మీదుగా వచ్చే వెలుగులో ఎరుపు తగ్గిందని ఫైటోక్రోమ్ అనే వర్ణకం పసిగడుతుంది. నీడ మీద పడకముందే కాడ సాగడం మొదలవుతుంది. కింది కొమ్మలు చీకట్లో పడి ఎండి రాలిపోతాయి.

ఇక నీళ్ల వంతు. 1964లో షినొజాకి, కిరా తదితర జపాన్ శాస్త్రవేత్తలు చెట్టును గొట్టాల కట్టగా ఊహించారు. ఇన్ని ఆకులకు ఇంత గొట్టం చొప్పున ప్రతి ఆకు గుత్తి నుంచి వేళ్ల దాకా ఒక గొట్టం దిగుతుంది, వాటన్నిటి మోపే మాను. లియొనార్డో పంపకానికి ఇది చక్కని కారణం. దీంట్లో నాకు బాగా నచ్చింది మరో ముక్క. కొమ్మ ఎండి రాలిపోయినా దాని గొట్టం మానులోంచి పోదు. పని మానేసి, లోపల చేవలో కలిసిపోయి, అలాగే ఉండిపోతుంది. అందుకే ఆకుల బరువును అంచనా కట్టడానికి ఛాతీ ఎత్తున తీసిన లావు కంటే, బతికున్న గుబురు మొదలయ్యే చోట తీసిన లావు నమ్మకమైనది. ఛాతీ ఎత్తు కొలతలో ఇప్పటి కొమ్మలతో పాటు ఎప్పుడో పోయిన కొమ్మలూ ఉన్నాయి.

అయితే నీటి గొట్టాలే మొత్తం కథ అనుకోలేం. మాను అడ్డుకోతలో నిజంగా నీళ్లు పారే సందులు కొంత భాగమే. 2011లో క్రిస్టోఫ్ ఎలోయ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త కంప్యూటర్‌లో కొమ్మల చట్రం కట్టి, గాలికి ఏ కొమ్మైనా ఏ చోటైనా విరిగే అవకాశం ఒకేలా ఉండాలన్న ఒక్క షరతు పెట్టాడు. కొమ్మల లావులు వాటంతటవే లియొనార్డో లెక్క దగ్గరికి వచ్చాయి. అయిదు వందల ఏళ్ల నాటి ఆ నోటుకు మళ్లీ గాలే సంతకం పెట్టింది.

నీళ్ల మాట చెల్లేది అన్నిటికంటే పైన, మహావృక్షాల కొసల దగ్గర. కాలిఫోర్నియా తీరపు రెడ్‌వుడ్‌లలో నూరు మీటర్లు దాటినవి ఉన్నాయి. అంత పైకి నీటిని లాగాలంటే ఒక్క ఎత్తు కోసమే పది వాతావరణ పీడనాల మేర లాగుడు కావాలి. 2004లో జార్జ్ కోచ్ బృందం ఆ చెట్లెక్కి చూస్తే, కొసన ఆకులు పొలుసుల్లా చిన్నవైపోయి ఉన్నాయి. నేలలో నీరున్నా కొస ఆకు దప్పికతోనే ఉంటుంది. 122 నుంచి 130 మీటర్ల మధ్య ఎత్తుకు హద్దు ఉంటుందని వాళ్లు లెక్కగట్టారు. మన టేకుకూ మద్దికీ ఆ హద్దుతో పని పడదు.

మూడో పోగు గొడుగు. దాన్ని లావుతో ముడివేసి చూసినవాడు డాకిన్స్, ఉగాండా అడవుల్లో పనిచేసిన అధికారి. ఉష్ణమండల అడవి చెట్లలో గొడుగు వెడల్పు మాను వ్యాసంతో పాటు దాదాపు నేరుగా పెరుగుతుందని 1963లో రాశాడు. ఇది వినడానికి సాదాగా ఉంటుంది, కానీ దీంతో అడవి మొత్తానికి లెక్క వేయొచ్చు. ఒక జాతి గొడుగు మాను వ్యాసానికి ఇరవై రెట్లుందనుకుందాం. గొడుగు కమ్మే నేల మాను ఆక్రమించే నేలకు నాలుగు వందల రెట్లు. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. ఆకాశం మొత్తం గొడుగులతో నిండిపోయినప్పుడు కింద మానులన్నిటి అడ్డుకోతలూ కలిపితే 25 చదరపు మీటర్లు. అంతకు మించి పట్టదు. ఆ 25ను వెయ్యి సన్నటి గెడలుగా పంచుకోవాలా, రెండు వందల లావు మానులుగా పంచుకోవాలా అన్నదే తోపు పెంచేవాడి చేతిలో ఉంది. టేకు తోపులో చెట్టు మార్చి చెట్టు తీసి పలచన చేయడం వెనక ఉన్నది ఈ లెక్కే. మనం మానుకు చోటివ్వడం లేదు, గొడుగుకు ఇస్తున్నాం. గొడుగు విచ్చుకుంటే గాలి పట్టు పెరుగుతుంది, గొట్టాలు పెరుగుతాయి, మాను బలుస్తుంది.

ఈ లెక్కకు లొంగనట్టు కనిపించే రెండు చెట్లు మన దగ్గరే ఉన్నాయి. గోల్కొండ నయా ఖిల్లాలోని హతియాన్ చెట్టు ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్. చుట్టుకొలత 25 మీటర్లకు పైనే, ఎత్తు మాత్రం మామూలే. దాని చెక్కను చేత్తో తాకితే కిటుకు తెలుస్తుంది. చాలా భాగం నీళ్లు నిండిన మెత్తటి చెక్క, గట్టిదనం తక్కువ. 2006లో మడగాస్కర్ బావోబాబ్‌లను పరిశీలించినవారు, అంత బలహీనమైన చెక్కతో నిలబడాలంటే అంత లావూ కావలసిందేనని తేల్చారు. గ్రీన్‌హిల్ లెక్కలో చెక్క గట్టిదనం కూడా ఒక అంకె. టేకులో, వేపలో మనం దాన్ని మరిచిపోతాం, బావోబాబ్ గుర్తు చేస్తుంది.

రెండోది కదిరి దగ్గర గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ చెట్టు గొడుగు 19,107 చదరపు మీటర్లు. ఎక్కడని టేపు చుడతాం? కొమ్మ దూరం పోయేకొద్దీ మధ్యలో ఊడ దిగి నేలను తాకి గుంజ అవుతుంది. ఆ కొమ్మ బరువూ దాని గాలీ ఇక నడిమి మాను మీద పడవు. అందుకే గొడుగు ఎంతైనా సాగొచ్చు. దాని కింద నిలబడి పైకి చూస్తే, చుట్టూ దిగిన ప్రతి ఊడా ఒక చిన్న మానులా తన వంతు కొమ్మను మోస్తూ కనబడుతుంది.

ఇప్పుడు ముడిని తిరగేసి విప్పుతున్నారు. విమానం నుంచో ఉపగ్రహం నుంచో లేజరు కిరణాలతో కొలిచేటప్పుడు పైనుంచి ఎత్తూ గొడుగూ కనిపిస్తాయి, మాను కనిపించదు. బ్రాండిస్‌కు చేతికందింది ఒక్క లావైతే, వీళ్లకు అందనిదీ అదొక్కటే. అడవిలో ఎంత కర్బనం నిలవ ఉందో చెప్పాలంటే ఆ లావు కావాలి. 2017లో టొమాసో జుకర్ తదితరులు ప్రపంచం నలుమూలల నుంచి 1,08,753 చెట్ల కొలతలు చేర్చి, ఎత్తునూ గొడుగు వెడల్పునూ హెచ్చవేస్తే మాను లావును బాగానే అంచనా కట్టొచ్చని చూపారు. ఒక్క ఎత్తుతో కుదరదు. గట్టు టేకూ తోపు టేకూ ఇంచుమించు ఒకే ఎత్తున ఉండి ఎంత వేరో చూశాం కదా.

నాకు ఈ కథ మొత్తం ఒక్కచోట కనిపించేది బాపట్ల, ప్రకాశం తీరంలోని సరుగుడు తోపుల్లో. ఇసుక నేలలో వరసలు తీర్చి వేసిన తోపులోకి అంచు నుంచి నడిచి వెళ్లండి. సముద్రం వైపు మొదటి వరస చెట్లు కింది నుంచే కొమ్మలతో, మొదట్లో లావుగా ఉంటాయి. నాలుగడుగులు వేసేసరికి కొమ్మలు పైకి పోతాయి, మానులు సన్నబడతాయి, హోరు తలపైకి వెళ్లిపోయి కింద గాలి స్తంభిస్తుంది. లోపలి చెట్టు మీద చెయ్యి వేసి తోస్తే కొస దాకా జలదరిస్తుంది. ఆ అంచు వరసను ఎవరైనా అవసరానికి నరికారనుకోండి, అప్పటిదాకా నడుమ ఉన్న వరస ఒక్కపూటలో అంచవుతుంది. దాని ఎత్తు అంచు చెట్ల ఎత్తే, లావు మాత్రం నడిమి చెట్ల లావు. తుపాను కాకపోయినా, తర్వాత వచ్చే ఈదురుగాలికి మొదట ఒరిగేది ఆ వరసే.